డమ్మీ నామినేషన్ వాపసుకని బాగేపల్లికి పోతే

పేరు వాపసు తీసుకునేదానికి ఇంత తిరుగులాట ఉంటాదని ఎవురన్నా చెప్పింటే, నేను పేరు ఇచ్చేవాన్నే కాదప్పా. మా పరగోడు పంచాయతీ సభ్యుడు, మా చిన్నాయన కొడుకు, గుండెపోటుతో పాయె. ఖాళీ అయిన సీటుకు ఉప ఎన్నిక పెట్టినారు. వాని భార్య రత్నమ్మ నిలబడింది. ఆమె ముఖం చూసి ఇంకెవురూ నిలబడలా. ఆమె కాగితాల్లో ఏమన్నా తప్పొస్తే అని నాతో కూడా ఒకటి వేయించినారు. దాన్ని డమ్మీ అంటారు. నాకు సరిపోయిన పనే.

వాపసుకు ఆఖరి గడువు మధ్యాన్నం మూడు. ఆ పొద్దు టమాటాలు చింతామణి మండీలో దించి, పదికి బస్సెక్కితే చిక్కబళ్ళాపురానికి గంటంపావు. ఆడోళ్ళకంతా ఉచితం, టికెట్ కొన్నోళ్ళం నేనూ ఇంకో ముసలాయనా. స్టాండు పక్కన ఇడ్లీ తిని బాగేపల్లి బస్సు పట్టుకుంటే ఇంకో గంట. రెండు బస్సులకూ నూటేబై చాలు.

ఆఫీసులో సంతకానికి పెన్ను తీస్తే అధికారి ఆపినాడు. "నువ్వూ తీసుకుంటే సీటు మల్లా ఖాళీనే అప్పా. ఆయమ్మ ఫారం నిన్న పరిశీలనలో కొట్టేసినాం."

పేరు సూచించేటోడు అదే వార్డు ఓటరై ఉండాలంట. చెయ్యి మంచిదని మేము ఆమె ఫారంలో ఊరి పెద్దాయనతో సంతకం పెట్టిస్తిమి. ఆయన ఇల్లు వీధికి ఆ పక్క, వేరే వార్డు. నా ఫారంలో మాత్రం ఎదురింటి సోమప్ప, ఎనుములకు నీళ్ళు పెడతా, తడి చేత్తో గీకినాడు. అదే నిలిచింది. పరిశీలన దినం మాలో ఒక్కడూ పోలా.

రత్నమ్మకు ఫోన్ చేస్తి. మొగుడు సగంలో విడిచిపోయిన నీళ్ళ పైపు పూర్తి చేయాలనే ఆమె నిలబడింది.

"సంతకం పెట్టొద్దు బావా. పైపు నువ్వే ఏయించు."

"నాకేం తెలుసమ్మా?"

"ఆయనకేం తెలిసి మొదలుపెట్టినాడు?"

మూడయింది. ఎదురు లేకుండా గెలిచినానన్నారు. ఇంకొకరి సొత్తు ఎత్తుకొచ్చినోని మాదిరి బెంచీ మీద కూచోనింటి. మర్యాద చేసినామనుకున్న సంతకమే ఆమె సీటు తీసేసింది. ఆ మాట పెద్దాయనకు ఇంగా ఎవురూ చెప్పలా.

మీరెవురన్నా నామినేషన్‌కు పోతే, సంతకం పెట్టేటోడు పెద్దోడా చిన్నోడా కాదు, ఏ వార్డో చూసుకోండి. పరిశీలన దినం ఎంత పనున్నా పోండి, ఎందుకంటే ఆడ... ఉండండి, రత్నమ్మ పిలస్తాండాది, పైపోళ్ళు వచ్చినారంట, గుంత యాడ తవ్వాల్నో నన్నే చెప్పమంటాండారు.