ముసుగుదొంగ మూడు కాపీలు

కళ్లజోళ్ల షాపాయన ముప్పై ఏళ్లుగా ప్రతి శుక్రవారం ఓ కామిక్ పుస్తకం కొంటాడు. చేతులు కడుక్కుని, దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, నలగకుండా వెనక అట్టముక్క దూర్చి, టేపు అంటించి బీరువాలో నిలబెడతాడు. చదవడం ఎప్పుడు మానేశాడో ఆయనకే గుర్తులేదు. మొన్న ఊరంతా గాలించి తెచ్చిన పాత సంచికను సర్దబోతే, అదే పుస్తకం అప్పటికే రెండు కాపీలున్నాయి.

అట్ట మీది ముసుగుదొంగను చూపిస్తూ, "మూడు కొన్నారు కదా, ఇంతకీ వీడెవడు?" అంది భార్య. ఆయన ఒకదాని టేపు చింపి, చేతులు కడుక్కోకుండానే, మంచం మీద బోర్లా పడుకుని చివరిదాకా చదివాడు. "ముసుగులో ఉన్నది ఈ కథలో డాక్టరేనే!" అని వంటింట్లోకి కేకేశాడు.

శుక్రవారం పుస్తకాల కొట్టాయన కొత్తది చేతికివ్వబోతే, "ఇంక నాకోసం తీసిపెట్టకయ్యా. ఇంట్లో చదవాల్సినవి బోలెడున్నాయి," అన్నాడు.