గుడి డ్రమ్ములో కలిసిన బియ్యం

మొన్న ఆదివారం మా కోడలు డబ్బా అడుగున మిగిలిన పాత బియ్యంలోనే ఊరినుంచి వచ్చిన కొత్త బియ్యం కుమ్మరించి అన్నం వండింది. కుక్కరు మూత తీస్తే సగం గంజి, సగం గింజ. "ఇదేంటి మామయ్యా ఇలా అయింది" అని ఆ పిల్ల బిక్కమొహం వేసింది. గరిటెడు వడ్డించుకుని, పప్పు కలుపుకుని, నవ్వుకుంటూ తిన్నాను. ఇంతకు ఇరవై రెట్లు పెద్ద గిన్నెలో ఈ పొరపాటే చేసినవాణ్ణి నేను. అదీ ఒక ఫాదర్‌గారి సమక్షంలో.

ఆ సంగతి చెప్పాలంటే ముందు మా అమ్మ గురించి చెప్పాలి. మా వైపు కతోలికుల ఇళ్లల్లో ఒక అలవాటుంది. ఎసట్లో బియ్యం పోసేముందు ఆడవాళ్లు అందులోంచి ఒక పిడికెడు తీసి విడిగా దాస్తారు. ఆదివారం పూజకు వెళ్లేటప్పుడు ఆ వారం బియ్యం గుడికి పట్టుకుపోతారు. చర్చిని మేము గుడి అనే అంటాం. రైల్వే పార్సిలు ఆఫీసులో ఉద్యోగం వచ్చి నేను సూరత్‌కు మారినప్పుడు, అమ్మ తన సామానుతోపాటు ఈ అలవాటునూ మోసుకొచ్చింది. భాష రాదు, ఊరు తెలియదు, అయినా నాలుగో వారానికే గుడి వసారాలో ఒక నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ము పెట్టించింది. అమ్మను చూసి మలయాళీలు, గోవావాళ్లు, తమిళులు, గుజరాతీలు, అందరూ పిడికెడు తీయడం మొదలుపెట్టారు. అమ్మ పోయాక కూడా డ్రమ్ము నిండుతూనే ఉంది. మా విచారణలోనే, అంటే మా గుడి పరిధిలోనే, ఇడ్లీలు అమ్ముకునే ఒకావిడ నెలకోసారి ఆ బియ్యం కొనుక్కుని పిండి రుబ్బుకునేది. కనుక అందులో ఎవరింటి బియ్యం ఏమిటో ఆలోచించే అవసరం ఎవరికీ రాలేదు.

లాక్‌డౌన్ వచ్చింది. గుడి తలుపులు మూశారు. ఫాదర్‌గారు ఖాళీ బల్లల ముందు ఒక్కరే పూజ చేస్తుంటే మేము ఫోన్లలో చూసేవాళ్లం. మా ఆవిడ ఫోన్‌ని మరియమ్మ స్వరూపం పక్కన నిలబెట్టి, తలమీద కొంగు కప్పుకుని మోకరించేది. నేను కుర్చీలో కాలుమీద కాలు వేసుకుంటే, ఆయన అటునుంచి చూస్తున్నట్టే నావంక ఉరిమి చూసేది. కాలు దించేదాకా ఊరుకునేది కాదు. ఇడ్లీలావిడ రైళ్లు ఆగిపోకముందే వాళ్ల ఊరు వెళ్లిపోయింది. డ్రమ్ము నిండుగా ఉండిపోయింది.

గుడి వెనక సందులో మరమగ్గాల షెడ్లున్నాయి. ముప్పై ఏళ్లుగా నేను ఆ టకటకల మధ్యే ప్రార్థన చేసుకున్నాను, విసుక్కున్నాను కూడా. అవి ఆగిపోయాక పిట్టల అరుపులు వినిపించాయి. ఆ నిశ్శబ్దానికి మొదటి రెండు రోజులు సంతోషించాను, మూడో రోజు సిగ్గుపడ్డాను. మగ్గం ఆగితే ఆ సందులో పొయ్యి ఆగుతుంది. అక్కడున్నది మన తెలంగాణ నేత కుటుంబాలు, కొందరు ఒడియా కుర్రాళ్లు. ఫాదర్‌గారు మలయాళీ మనిషి, మాట తక్కువ, పని ఎక్కువ. పోలీసుల దగ్గరకు వెళ్లి మూడు పాసులు తెచ్చారు. ఒకటి ఆయనకు, ఒకటి నాకు, ఒకటి గుడి గంట కొట్టే గుజరాతీ పెద్దాయనకి, ఆయన్ను అందరం కాకా అంటాం. ముగ్గురు మగాళ్లం. వంట గురించి ఇళ్లల్లో ఆడవాళ్లను ఒక్క మాట అడగాలన్న బుద్ధి ముగ్గురిలో ఒక్కరికీ పుట్టలేదు.

డ్రమ్ములో బియ్యం తోడి, కడిగి, పప్పు కలిపి కిచిడీ పొయ్యిమీద పెట్టాం. మా సోనా మసూరి మెత్తబడేసరికి మలయాళీల ఎర్ర బియ్యం ఇంకా నిద్ర కూడా లేవలేదు. దానికోసం నీళ్లు పోస్తే గుజరాతీల సన్నబియ్యం జావైపోయింది. తమిళుల ఉప్పుడుబియ్యం దేనికీ లొంగలేదు. ఫాదర్‌గారు గరిటెడు నోట్లో వేసుకుని చాలాసేపు నమిలి, బాగుందన్నారు. గురువులు కూడా అబద్ధమాడతారని ఆరోజే చూశాను. రెండు రోజులు అదే పంచాం. సందులోవాళ్లు వంక పెట్టకుండా తిన్నారు.

రెండో రోజు సాయంత్రం మొగుడూ పెళ్లాం ఇద్దరు వచ్చి, తోమిన గిన్నె వసారాలో పెట్టారు. అతనికి నలభై ఏళ్లుంటాయి. "రేపు పొద్దుగాల నడుసుకుంట పోతున్నం సారు. కార్ఖానా బంద్, సేఠ్ ఫోన్ ఎత్తుతలేడు. గిట్ల ఒకల చెయ్యి జూసుకుంట ఎన్ని దినాలుంటం?" అన్నాడు. వాళ్లతో అతని తండ్రి ఉన్నాడని నాకు తెలుసు. మోకాళ్లు వంగవు, మగ్గాల నూగు పీల్చిపీల్చి పది అడుగులకు ఆయాసపడతాడు. ఆయన ఎలా నడుస్తాడని అడిగాను.

"బట్ట తాకాలు మోసే బండి ఉన్నది గద. దానిమీద కూసోబెట్టి గుంజుకపోత."

ఎండలు మండిపోతున్నాయి. కరీంనగర్ దాకా అన్ని వందల కిలోమీటర్లు తోపుడుబండి మీద ఆ ముసలాయన చేరడు. అది నాకు తెలుసు, ఫాదర్‌గారికి తెలుసు, అతని మొహం చూస్తే అతనికీ తెలుసనిపించింది. అయినా మాటమీద నిలబడ్డాడు. ఒకరి ముందు చెయ్యి చాపి నిలబడటం కన్నా ఆ దారే నయమనుకున్నాడు.

ఆ అమ్మాయి మాత్రం మా మాటలు వినడం లేదు. డ్రమ్ములో చెయ్యి పెట్టి, గుప్పెడు బియ్యం తీసి వెలుతురుకి పట్టి చూస్తోంది. కొంగు అడ్డం ఉన్నా నవ్వుతోందని తెలిసింది.

"ఎవలు కలిపిన్రు సారు గీటిని?"

అలవాటమ్మా, అన్నాను.

"అన్నం వండితే కావు. ఇసిరి నూక జెయ్యాలె. ఉప్పుడుపిండి జేస్తే అన్నీ ఒక్క తీరుగ ఉడుకుతయ్."

ఇళ్లల్లో పిండిమర పెట్టుకునే అలవాటు గుజరాతీలది. కాకా ఇంట్లో ఒకటుంది, దాన్ని ఘంటీ అంటారు. గంటలో బియ్యమంతా నూకయింది. ఎర్రది, తెల్లది, సన్నది, లావుది, అన్నీ ఒకే బస్తాలో తేడా తెలియకుండా కలిసిపోయాయి. ఆమె సందులోంచి మరో ఇద్దరు ఆడవాళ్లను పిలిచింది. జీలకర్ర, పచ్చిమిర్చి తాళింపు వాసన గుడి వసారా దాటి రోడ్డుదాకా వెళ్లింది. ఆ రాత్రి అందరూ మారు వడ్డించుకుని తిన్నారు. మమ్మల్ని ముగ్గుర్నీ ఉల్లిపాయలు తరగడానికి మాత్రమే ఉంచుకుంది. మేమూ ఎదురు చెప్పలేదు.

మర్నాడు తెల్లవారుతుండగానే వెళ్లాను. సందు మొదట్లో బండి సిద్ధంగా ఉంది. దానిమీద రెండు మూటలు, మూటల మధ్య ముసలాయన, ఒళ్లో నీళ్ల సీసా. కొడుకు బండి పట్టుకుని నిలబడ్డాడు. కోడలు లేదు. గుడి వంటగదిలో పొయ్యి ముందు కూర్చుని ఉంది. అతను పిలవడానికి వెళ్తే నేనూ వెంట వెళ్లాను.

"నేనెట్లొస్త? పెద్ద గంజు గిన్నె నిండ పెసరపప్పు నానవోసిన. మందికి తెస్తమని చెప్పిన. నువ్వు పోతె పో," అంది, మొగుడి వైపు చూడకుండా.

అతను బండి దగ్గరకు తిరిగొచ్చి మూటలు దించాడు. తండ్రిని ఎత్తుకుని తెచ్చి వసారాలో కూర్చోబెట్టాడు. పప్పు ఉడికాక గిన్నెలు ఆ బండిమీదే పెట్టుకుని, అవతలి సందులకు తనే తోసుకుపోయాడు. అతను కనుమరుగయ్యాక ఆమె నాతో మెల్లగా అంది: "మామకు ఆ తొవ్వ పడది కాకా. ఈనకు జెప్తె ఇనడు. గందుకె రాత్రే పప్పు నానవోసిన."

అప్పటిదాకా నన్ను సారు అనేది. బాబాయిని పిలిచినట్టు కాకా అన్నందుకు కాదు, ఆమె తెలివికి నా కళ్లు తడిశాయి. ఉల్లిపాయల మీదికి నెట్టేశాను.

నెలకు పైగా ఆ వంట సాగింది. ముసలాయన గేటు దగ్గర కుర్చీలో కూర్చుని, వరసలో ఎవరైనా దగ్గరగా జరిగితే చేతికర్రతో నేలమీద కొట్టేవాడు. పోలీసుల మాటకన్నా ఆ కర్రకే భయం ఎక్కువగా ఉండేది. కూలీల రైళ్లు మొదలయ్యాక, రైల్వేలో పాత స్నేహితుల్ని కనుక్కుని ఆ కుటుంబం పేర్లు రాయించాను. స్టేషనులో ముసలాయన కొడుకు భుజం పట్టుకుని మెల్లగా మెట్లెక్కాడు. పెట్టెలో కూర్చున్నాక కిటికీలోంచి నాకు దణ్ణం పెట్టాడు. నేను తిరిగి పెట్టేలోపు రైలు కదిలింది.

రెండేళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం ఆ ముసలాయన కోడలు ఫోన్ చేసింది. మామ పోయిండు కాకా, ఇంట్ల మంచం మీదనే, అందరం దగ్గరున్నం, అని చెప్పింది. ఆ మధ్యలో మనవరాలి పెళ్లి కూడా చూశాడట. ఆమె ఆపింది ఒక్క పొద్దుటి ప్రయాణాన్నే అనుకున్నాను ఇన్నాళ్లూ. ఆ ఒక్క పొద్దు ఆయనకు రెండేళ్లయింది.