కన్నయ్య ఎడమ పక్క

కరోనా తగ్గిన మరుసటి ఏడాది, వానాకాలం. భద్రాచలం రోడ్డు మీద, చేలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రి ఉంది. అందులో నేను ఎక్స్‌రే టెక్నీషియన్‌ని. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. ఎందుకున్నావయ్యా అంటే, ఈ వయసులో నన్ను ఇంకెవరు పిలుస్తారు? మా వైపు గూడేల్లో ఎక్స్‌రేను ‘ఫోటో’ అంటారు. కాబట్టి నేను ఫోటో సారును.

నా ఉద్యోగం చాలా ఏళ్ళు డార్క్ రూమ్‌లోనే గడిచింది. అంటే చీకటి గది. ఎర్ర బల్బు వెలుతురులో ఫిలింను డెవలపర్‌లో ముంచితే ఎముకలు మెల్లగా తేలతాయి. ఫిక్సర్‌లో ముంచితే బొమ్మ నిలుస్తుంది. తర్వాత కడిగి హ్యాంగర్‌కు వేలాడదీస్తాం. ఆ వాసన నా చొక్కాలకు పట్టిందని మా ఆవిడ జీవితాంతం సణిగింది. ఆరీ ఆరని ఫిలింను మూల పట్టుకుని రోగి చేతికిచ్చేవాళ్ళం. ఆ ఫిలిం రోగి వెంటే ఊరూరూ తిరిగేది.

ఎక్స్‌రే తీసేటప్పుడు మేం తప్పకుండా చేసే పని ఒకటుంది. కుడికి ‘ఆర్’, ఎడమకు ‘ఎల్’ అని సీసంతో చేసిన అక్షరం ఒకటి ఒంటి పక్కన పెడతాం. దాన్ని లెడ్ మార్కర్ అంటారు. బొమ్మతో పాటు ఆ అక్షరమూ ఫిలిం మీద పడుతుంది. ఫిలింను ఎటు తిప్పి పట్టుకున్నా, అక్షరం సరిగ్గా చదవగలిగేలా ఉందో లేదో చూస్తే చాలు, ఏది ఎడమో ఏది కుడో తెలిసిపోతుంది.

ఆ వేసవిలో ఫిలిం రావడం ఆగిపోయింది. ఖమ్మంలో మాకు సరుకిచ్చే డీలరుకు ఫోన్ చేసి కసిరాను.

“నన్నెందుకు తిడ్తవన్నా?” అన్నాడు. “మీరు కడిగే తడి ఫిలిం చేసుడు బంద్ చేస్తున్నరంట. మళ్ళ మొదలువెడ్తరని ఒకడంటడు, రేటు పెంచి ఇస్తరని ఇంకొకడంటడు. కార్ఖానల మిషను ఒక్కసారి తిప్పితే గుట్టలు గుట్టలు వస్తదంట. నువ్వడిగే రెండు డబ్బాల కోసం ఎవడు తిప్పుతడు?”

“మరి పట్నంలో పిల్లలు రీలు కెమెరాలు మెళ్ళో వేసుకుని తిరుగుతున్నారుగా? వాళ్ళకు ఎక్కడి నుంచి వస్తోంది?”

“అది షోకు రీలన్నా. షోకుకు గిరాకీ ఉంటది. మీ జబ్బులకు ఎక్కడిది?”

వాడి నోట్లో వెటకారం లేదు. ఉన్న మాటే అన్నాడు, అందుకే నాకు ఒళ్ళు మండింది.

మా యాజమాన్యం ఎక్కడో వాడిన కంప్యూటర్ యంత్రం ఒకటి తెచ్చిపెట్టింది. ఎక్స్‌రే తీస్తే బొమ్మ తెర మీదికి వస్తుంది. మంచి యంత్రమే, అబద్ధమెందుకు? దానితో పాటు, ఆ బొమ్మను ఫిలిం మీద అచ్చేసే డ్రై ఫిలిం ప్రింటర్ కూడా కొనాలి. అది దండగన్నారు. తెరను ఫోన్‌తో ఫోటో తీసి ఖమ్మం డాక్టరుకు వాట్సాప్‌లో పంపితే సరిపోతుందన్నారు. మేనేజరు ఇంకో అడుగు ముందుకేసి, పంపే ప్రతి బొమ్మ మీదా ఆసుపత్రి పేరు కనపడేలా రంగుల పట్టీ ఒకటి తయారు చేయించాడు. ఆ పట్టీ ఈ కొస నుంచి ఆ కొస దాకా పరుచుకుని, సరిగ్గా మా సీసపు అక్షరం మీదే కూర్చునేది. చెప్పాను. “పేరు కనవడాలె గదన్నా” అన్నాడు.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం ముత్తమ్మ తన భర్త కన్నయ్యను ఆటోలో తెచ్చింది. బీడీ ఆకు కోతకూ పోడు పనికీ తిరిగే మనిషి, నిలబడలేక ఆమె భుజం మీద వాలిపోయి ఉన్నాడు.

“ఎక్కడ నొస్తోందయ్యా?”

ఎడమ డొక్క మీద చెయ్యి పెట్టి చూపాడు. “ఈ పక్క సారూ. దమ్ము అందుతలేదు.”

మా డాక్టరు ఆ రోజు లేడు. ఎక్స్‌రే తీసి మనిషిని ఖమ్మం పంపించేయమని ఫోన్‌లో చెప్పాడు. మామూలుగా రోగిని నిలబెట్టి వెనక నుంచి తీస్తాం. నిలబడలేని వాళ్ళను కూర్చోబెట్టి ముందు నుంచి తీస్తాం. కన్నయ్యకూ అలాగే తీశాను. ఆ కంప్యూటరు మాత్రం అందరూ నిలబడ్డారనే అనుకుంటుంది. ముందు నుంచి తీసిన బొమ్మను అద్దంలో చూసినట్టు తిరగేసి చూపిస్తుంది. అక్షరం తిరగబడి కనిపిస్తే మీట నొక్కి సరిచేయాలి. నేను కన్నయ్యను బల్ల మీంచి దించి వచ్చి సరిచేశాను. కానీ అప్పటికే, అంబులెన్సు వచ్చిందన్న తొందరలో, మేనేజరు తన ఫోన్‌తో తెరను ఫోటో తీసేశాడు. తిరగబడిన బొమ్మనే తీసి, దాని మీద పట్టీ తగిలించి పంపేశాడు. వెంట ఇచ్చిన చీటీలో ‘ఛాతీలో నీరు’ అని రాశాడు, ఏ పక్కో రాయలేదు.

వెళ్ళబోతూ ముత్తమ్మ నా దగ్గరికొచ్చి చెయ్యి చాపింది. “ఫోటో ఇయ్యవా సారూ?”

“ఇప్పుడు ఫిలిం రావట్లేదమ్మా. డాక్టరు ఫోన్‌కే పోయింది.”

“గట్లనా?” అని ఖాళీ చేతులతో అంబులెన్సు ఎక్కింది.

కన్నయ్య ఎడమ ఊపిరితిత్తి చుట్టూ నీరు నిండి, గుండెను కుడి వైపుకు నెట్టేసింది. తిరగేసిన బొమ్మలో ఆ గుండె ఎప్పటిలా ఎడమనే ఉన్నట్టూ, నీరు కుడి పక్కన ఉన్నట్టూ కనిపించింది. అందుకే ఖమ్మంలో ఎవరికీ అనుమానం రాలేదు. వేళ్ళతో వీపు మీద తట్టి చూసినా తెలిసేది. ఎవరు తట్టారు? ఫోన్ చూశారు, నీరు తీయడానికి కుడి పక్క సూది గుచ్చారు. పనిచేస్తున్న ఒక్క ఊపిరితిత్తీ గాలి పోయి ముడుచుకుపోయింది. కన్నయ్య ఆ సాయంత్రమే చనిపోయాడు.

విచారణా లేదు, గిచారణా లేదు. ‘బాగా ముదిరాక తెచ్చారు’ అన్నారు. అడవి నుంచి వచ్చిన వాళ్ళు చనిపోతే ఆ మాట ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఖమ్మం నుంచి ఫోన్ వచ్చాకే నేను మేనేజరు ఫోన్ లాక్కుని ఆ బొమ్మ చూశాను. వాడు, “అయిందేదో అయింది, ఎక్కడా అనకన్నా” అన్నాడు. నేను అందరి దగ్గరా అన్నాను. యజమాని దగ్గరా అన్నాను. ఆయన వింటూనే ఇంకెవరికో ఫోన్ కలిపాడు.

కొన్నాళ్ళకు ముత్తమ్మ వచ్చింది. “మా ఆయన ఫోటో ఒక్కసారి చూపియ్యి సారూ” అంది. కంప్యూటర్‌లో నేను సరిచేసి పెట్టిన బొమ్మ తెరిచాను.

“ఈ తెల్లగున్నదేంది?”

“నీరు.”

“ఇది ఏ పక్క?”

దాచి ఏం చేసుకోను? “ఎడమ పక్కనమ్మా. వాళ్ళకు తిరగబడిన ఫోటో పోయింది” అని జరిగిందంతా చెప్పాను.

ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. తెర మీది నుంచి కళ్ళు తిప్పకుండా, “ఆయన చెప్పిండు సారూ” అంది. “సూది గుచ్చేటప్పుడు, ఆ పక్క కాదు, ఈ పక్క అని చెయ్యి వెట్టి మరీ చూపిండు. నేనే గదిమిన. ఊకో, ఫోటో కంటే నీకు ఎక్కువ ఎరుకనా అన్న.”

“నీ తప్పు కాదమ్మా.”

“మరి ఎవల్ది సారూ?”

ఎవరి పేరు చెప్పను? మేనేజరుదా, ప్రింటరు దండగన్న యజమానిదా, తట్టి చూడని డాక్టరుదా, రెండు డబ్బాల కోసం మిషను తిప్పని ఆ కార్ఖానాదా? ఆమె వెళ్ళిపోయింది. మళ్ళీ మా ఆసుపత్రి గడప తొక్కలేదు, తొక్కదు కూడా.

డీలరు ఇప్పటికీ అప్పుడప్పుడూ ఫోన్ చేస్తాడు. ఫిలిం మళ్ళీ రావచ్చంటాడు, ఇంకోసారి ఇక రాదంటాడు. నేను అడగడం మానేశాను. ఈ కేసు నాకు నేర్పింది ఒక్కటే. మాలాంటి ఊళ్ళకు ఒక వస్తువు ఆగిపోయినప్పుడు, దానితో పాటు ఏమేం పోతాయో చూసుకోవాల్సింది మేమే. పైనున్న వాళ్ళెవరూ చూడరు. ఇప్పుడు ఛాతీ కేసును ఖమ్మం పంపాలంటే, ముందు రోగినే అడుగుతాను ఏ పక్క నొస్తోందని. తెర మీది బొమ్మతో సరిచూసుకుని, స్కెచ్ పెన్నుతో వాళ్ళ ఒంటి మీదే ‘ఎడమ’ అనో ‘కుడి’ అనో పెద్దగా రాస్తాను. గలీజుగా ఉందని మేనేజరు విసుక్కుంటాడు. విసుక్కోనీ. చెమటకు అదెలాగూ చెరిగిపోతుంది. ఖమ్మం చేరేదాకా ఉంటే చాలు.