సారీ అక్క సంతకం

దొంగ వీడియో సైట్ల మీద రాసేవాళ్లలో కొందరు కళ చచ్చిపోయిందని ఏడుస్తారు, ఇంకొందరు బీదవాడికి సినిమా అందిందని చప్పట్లు కొడతారు. సారీ అక్క సంగతి ఇద్దరికీ పట్టదు.

ఆమె మరిది ఆ సైటు పెట్టింది వంటింటి పక్క గదిలో, రెండు కంప్యూటర్లతో. ఎవరైనా వీడియో ఎక్కించవచ్చు, ఎవరైనా ఊరికే చూడవచ్చు. ప్రకటనల డబ్బుతో మూడేళ్లలో ఒక బట్టల కొట్టు పై అంతస్తంతా వాళ్ల ఆఫీసైంది. నిర్మాతల ఫిర్యాదులూ మొదలయ్యాయి. 'ఫిర్యాదొస్తే తీసేస్తాం' అని చట్టానికి చెప్పే ఒక్క ముక్క మీదే సైటు బతుకుతోంది కనుక, తీసే పనికి బాధ్యులంటూ ఒక పేరు కావాల్సి వచ్చింది.

"వదినా, నీ అంత మర్యాదగా ఉత్తరం రాసేవాళ్లు మనింట్లో ఎవరున్నారు చెప్పు? సంతకం నీది, మిగతాది నేను చూసుకుంటాగా."

రాసింది. 'జరిగినదానికి చింతిస్తున్నాం. లింకు తొలగించాం.' కింద పేరు, సంతకం, తేదీ. ఆఫీసులో ఆమెకు సారీ అక్క అని పేరు పడిపోయింది. ఆమె తొలగించిన సినిమానే అద్దాల గోడ అవతలి గదిలో పది నిమిషాలకు కొత్త లింకుతో ఎక్కించేవారు. చూడటానికి ఆమె మెడ కూడా తిప్పనక్కర్లేదు.

ఒకే సినిమాకు నలభయ్యో సారీ రాసిన రోజు మరిది బల్ల ముందు నిలబడింది.

"నా పేరు తీసెయ్యవయ్యా. నావల్ల కాదు."

"ఇప్పుడు తీస్తే అనుమానం రాదూ?"

ఇంట్లో చెబితే, భర్త బూట్ల లేసులు కట్టుకుంటూ తేల్చేశాడు: "వాడేమైనా పరాయివాడా? దొంగతనం చెయ్యమన్నాడా నిన్ను? సారీ చెప్పమన్నాడు, అంతేగా!"

తర్వాత పెద్ద కంపెనీలు చవగ్గా ఇంటికే సినిమాలు ఇవ్వసాగాయి. ప్రకటనలవాళ్లు ముఖం చాటేశారు. ఒక ఉదయం అధికారులు మెట్లెక్కేసరికి మరిది లేడు, ఫోనూ మోగడం లేదు.

అధికారిణి ఉత్తరాల కట్ట బల్ల మీద పడేసింది. "ఒకే సినిమాను నలభై సార్లు తీసేశారు. నలభై ఒకటోసారి ఎవరు పెట్టారో తెలీదా అమ్మా?"

"నేను తీసేసేదాన్నేనండీ."

"అందుకే మిమ్మల్ని అడుగుతున్నా."

ఊరు దాటొద్దన్నారు. మర్నాడు ఆఫీసులో ఆమె కుర్చీలోనే కూర్చోబెట్టి కాగితం ఇచ్చారు. అందులో ఒక గడి: 'తిరిగి ఎక్కించినవారు'. ఆ ఉదయమే భర్త చెప్పి పంపాడు, తమ్ముడి పేరు రాశావో జాగ్రత్త అని.

"ఖాళీగా వదిలేస్తే?"

"సంతకం ఎవరిదో వాళ్లే చేశారనుకుంటాం."

మరిది పేరు ఇంటిపేరుతో సహా రాసింది. దాని కింద అలవాటుగా 'చింతిస్తున్నాం' అని మొదలుపెట్టి కొట్టేసింది.

సాయంత్రం ఆఫీసుకు సీలు వేశారు. ఊరు దాటొద్దన్నారు కనుక ఆమె వెళ్లగలిగింది భర్త ఉన్న ఆ ఇంటికే.