దొరసాని కార్డుకు మా నాయన జామీను

మా నాయన రైల్వేలో పార్సిల్ గుమాస్తాగా చేశాడు. ఉద్యోగమంతా దాదాపు పాకాల జంక్షన్‌లోనే గడిచింది. రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో తిరుచానూరులో ఇల్లు కట్టి, మిద్దె మీద ఒక గది వేసి అద్దెకిచ్చాడు. ఎనభైల మధ్యలో ఆ గదిలో ఉన్నది ఒక దొరసాని. యూరప్ మనిషి, నలభై అయిదు దాటిన వయసు, పెళ్ళి చేసుకోలేదు. కాళహస్తిలో అద్దకం పనివాళ్ళ దగ్గర కూర్చుని కలంకారీ గుడ్డల గురించి పుస్తకం రాస్తుండేది. ఎనిమిదేళ్ళుగా ఈ దేశంలోనే ఉంది. తెలుగు మాట్లాడేది గానీ అంతా బడిపుస్తకం తెలుగే. మా అమ్మను పట్టుకుని "మీరు భోజనము చేసితిరా?" అని అడిగేది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయేది.

ఆమెకు వాళ్ళ దేశం నుంచి మూడు నెలలకొకసారి డ్రాఫ్టు వచ్చేది. అది మద్రాసులో మారి, తిరుపతి బ్యాంకుకొచ్చి చేతికందేసరికి ప్రాణం విసిగిపోయేది. అంతకు రెండేళ్ళ ముందు వాళ్ళ నాన్న పోయినట్టు తంతి వచ్చింది. డ్రాఫ్టు రాలేదు, చేతిలో టిక్కెట్టుకు డబ్బు లేదు, పోలేకపోయింది. ఇప్పుడు వాళ్ళ అక్కకు జబ్బు చేసింది. ఈమెను పెంచింది ఆ అక్కే. మళ్ళీ తంతి వస్తే ఆ రోజే విమానం ఎక్కాలి, అదొక్కటే ఆమె పట్టుదల. మద్రాసులో విమానం టిక్కెట్లు అమ్మే ఆఫీసు ఒకటి క్రెడిట్ కార్డు తీసుకుంటుందని కనుక్కొని వచ్చింది.

అప్పట్లో మా వైపు కార్డు అంటే రేషన్ కార్డే. క్రెడిట్ కార్డు అంటే ఏమిటో ఆమె నాయనకు అరుగు మీద కూర్చుని వివరించింది.

"అంటే ముందు కొనుక్కోని తరవాత కట్టేదా?" అన్నాడు నాయన. "పాకాల స్టేషన్ బయట టీ అంగట్లో నేను ముప్పై ఏండ్లు చేసిందదే. దానికి కార్డెందుకమ్మా, మొగం సూస్తే సాలదా?"

"నా ముఖము ఎవరికినీ తెలియదు కదా అండీ" అంది ఆమె.

వాళ్ళ దేశంలో బ్యాంకుకు రాస్తే, మీరు ఇక్కడ ఉండటం లేదు కాబట్టి కార్డు ఇవ్వలేమన్నారట. తిరుపతి బ్యాంకుకు పోతే, మీరు ఇక్కడివారు కారు కాబట్టి ఇవ్వలేమన్నారు. చిత్తూరు పోలీసు ఆఫీసు నుంచి నివాసం కాగితం తెమ్మన్నారు. దానికి రెండుసార్లు నేనే తోడుపోయాను. ఆ బస్సులో ఉక్కపోతకు చచ్చాను. కాగితం తెస్తే జీతం రసీదులు అడిగారు. పుస్తకం రాసేవాళ్ళకు జీతమెక్కడిది? ఆఖరికి మేనేజరే జాలిపడి, సొంతిల్లు ఉన్న స్థానికులు ఎవరైనా జామీను సంతకం పెడితే పైకి పంపిస్తానన్నాడు.

జామీను మాట వినగానే నాకు లోపల సంతోషమేసింది. ఎందుకో చెప్పాలి, దాచి ప్రయోజనం లేదు. అప్పటికి నేను తిరుపతిలో ఒకరి అంగట్లో మోటార్లకు తీగ చుట్టే పని చేస్తున్నాను. సొంత అంగడి పెట్టుకుందామని నాలుగు నెలల ముందు బ్యాంకు అప్పుకు పోతే జామీను కావాలన్నారు. ఫారం తెచ్చి నాయన ముందు పెట్టాను. ఆయన దాన్ని తిప్పి కూడా చూడలేదు. "మనింట్లో జామీను పెట్టేది లేదు. ఇంకేదన్నా అడుగు" అన్నాడు. కన్నకొడుక్కే పెట్టనివాడు ఎవరో దొరసానికి పెడతాడా? ఈమెకూ ఆ మాటే పడితే నా మంట కొంచెం చల్లారుతుందని ఫారం నేనే తీసుకెళ్ళి ఇచ్చాను.

నాయన కళ్ళద్దాలు పెట్టుకుని ఆ ఫారం రెండు రోజులు చదివాడు. రైల్వే రూల్సు పుస్తకం చదివినట్టు ప్రతి లైను కిందా వేలు పెట్టి చదివాడు. మూడోరోజు స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని, బ్యాంకుకు పోయి సంతకం పెట్టి వచ్చాడు.

నేను అన్నం ముందు నుంచి లేచిపోయాను. అమ్మ సంగతి సరేసరి. ఆమె ఎప్పుడూ నాయనతో నేరుగా తగువు పడదు. గిన్నెలతో మాట్లాడుతుంది. "పరాయి ఆమెకైతే చెయ్యి వచ్చె. కడుపున పుట్టినోడికి రాలేదు. తెల్లతోలు సూస్తే మనుసులు ఇట్లే అయిపోతారు" అని తోముతున్న బిందెకు వినిపించింది. నాయన పేపరు చదువుకుంటూ కూర్చున్నాడు. నేను ఆ రోజు నుంచి ఆయనతో మాట్లాడటం మానేశాను. ఒకే ఇంట్లో ఉండి మాట్లాడకపోవడం అనుకున్నంత తేలిక కాదు, ప్రతిదానికీ అమ్మను మధ్యలో పెట్టుకోవాలి.

రెండు నెలలకు రిజిస్టరు పోస్టులో కార్డు వచ్చింది. దొరసాని వెనకవైపు తెల్లపట్టీ మీద ఇంకు పెన్నుతో సంతకం చేసి, మెట్లు దిగి వచ్చి నాయన చేతిలో పెట్టింది. ఇంటికి కొత్త వస్తువేది వచ్చినా మా నాయన దేవుడి ముందు పెట్టకుండా వాడనివ్వడు. సైకిలైనా, గ్రైండరైనా అంతే. కార్డు మాత్రం తక్కువా? శుక్రవారం దాకా ఉంచుకుని, పూజలో పెట్టి, తడిపసుపు రాసి కుంకుమబొట్టు పెట్టాడు. ముందువైపు పెడితే అంకెలు కనబడవని, ఎంతో జాగ్రత్తగా, వెనకవైపు అంకెలు లేని తెల్లపట్టీ మీద పెట్టాడు!

పూజ అయ్యాక గుడ్డతో తుడిస్తే బొట్టు పోయింది, దాంతోపాటు సంతకం సగం పోయింది. పట్టీ పసుపుగా మిగిలింది. నాయన మొహం చిన్నబోయింది. దొరసాని మాత్రం దాన్ని రెండు చేతులా అందుకుని, "పరవాలేదు" అని కళ్ళకద్దుకుంది. సంతకం పోతే ఏమవుతుందో ఆమెకూ తెలుసో లేదో.

వేసవి పోయి వానలు మొదలయ్యాక ఒకరోజు పొద్దున్నే తంతి వచ్చింది. అక్కకు ప్రమాదంగా ఉంది, వెంటనే రమ్మని. ఆమె ఏడవలేదు. చిన్న పెట్టె ఒకటి సర్దుకుని కిందికి వచ్చి నిలబడింది. ఒంటరిగా పంపించడం బాగుండదని అమ్మ నన్ను వెంట తోసింది. తొమ్మిదింటి బస్సుకు మద్రాసు బయల్దేరాం. దారి పొడుగునా ఆమె ఆ కార్డును గుప్పిట్లోనే పట్టుకుని కూర్చుంది.

టిక్కెట్ల ఆఫీసులో కూర్చున్న పెద్దమనిషి కార్డు ముందు చూశాడు, బాగుంది. వెనక్కి తిప్పాడు. కళ్ళద్దాలు తీసి మళ్ళీ చూశాడు. సంతకం కనబడనిదే టిక్కెట్టు ఇవ్వలేనని ఇంగ్లీషులో మర్యాదగా చెప్పి కార్డు బల్ల మీద పెట్టాడు. ఆమె కాగితం అడిగి తీసుకుని సంతకం మీద సంతకం చేసి చూపించింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. రాత్రి విమానం తప్పితే మళ్ళీ మూడు రోజుల దాకా లేదట. అప్పుడు మొదటిసారి ఆమె కళ్ళలో నీళ్ళు చూశాను. నాయన మీద నాకు అంతకాలం ఉన్న కోపం వేరు, అప్పుడు వచ్చింది వేరు. పసుపు పూయకపోతే కొంపలంటుకుపోయేవా!

ఆయనకు వస్తుందో రాదో అనుకుంటూనే నేను తెలుగులోకి దిగి జరిగింది చెప్పాను. పూజ, శుక్రవారం, బొట్టు, ముందువైపు అంకెలు, అన్నీ. ఆయన వింటూ వింటూ పెదాలు బిగబట్టి, ఆఖరికి నవ్వేశాడు.

"మీదే ఊరు?"

"తిరుచానూరు సార్."

"మాది పుత్తూరు కాడ. మొన్న మా ఇంటామె కొత్త కుక్కరుకు పెట్టింది బొట్టు, నేరుగా రబ్బరు మీదనే. కూసో, బ్యాంకుకు ఫోన్ చేస్తా."

ఫోన్‌లో ఒక్కొక్క అంకే చదివి వినిపించాడు. తర్వాత ఆయన నా వైపు తిరిగి, జామీను ఎవరని అడుగుతున్నారన్నాడు.

"మా నాయన" అన్నాను, పేరు చెప్పకముందే. ఆ మాట నా నోట గర్వంగా వచ్చింది. నా మీద నాకే ఒళ్ళు మండింది.

బ్యాంకువాళ్ళు సరేనన్నారు, టిక్కెట్టు దొరికింది. ఆమెను విమానాశ్రయంలో దింపి మరుసటిరోజు ఇల్లు చేరాను. నాయన అరుగు మీదే ఉన్నాడు. "దొరికిందా?" అన్నాడు. దొరికిందన్నాను. అన్ని నెలల తర్వాత మాట్లాడాను కదా, ఇక ఆగలేదు.

"ఆమెకు పెట్టినావే, నాకెందుకు పెట్టలే నాయనా?"

"ఆమె కట్టకపోతే అడగొచ్చు" అన్నాడు. "జాబు రాస్తా, ఒకటికి రెండు రాస్తా. దాంట్లో సిగ్గేముండాది? నువ్వు కట్టకపోతే నేనడగలేను రా. నోరు మూసుకోని కట్టేస్తా. ఆ తరవాత నువ్వు నా మొగం సూడలేవు."

"నేనెందుకు కట్టను? అంత పనికిమాలినోడిగా కనపడతాండానా?"

"నేనూ అట్లే అనుకున్న్యా."

అప్పుడు చెప్పాడు. రైల్వే ఉద్యోగం రాకముందు ఆయన చిత్తూరులో బెల్లం వ్యాపారం పెట్టాడట. అప్పుకు జామీను పెట్టింది ఐరాలలో ఉన్న మా పెదనాయన. వానకు గోడౌన్‌లోకి నీళ్ళొచ్చి బెల్లమంతా కారిపోయింది. పెదనాయన బావి కింద మడి అమ్మి ఆ బాకీ తీర్చాడు. పొలం గెట్టు తగాదాతో అన్నదమ్ములు విడిపోయారని మాకు చిన్నప్పటి నుంచీ చెప్పిందంతా అబద్ధం. నేను ఒకసారి చిత్తూరు బస్టాండులో పెదనాయన ఎదురుపడితే మొహం తిప్పుకుని పోయాను కూడా. ఆయన నన్ను పిలవబోయి ఆగిపోవడం చూశాను.

"మాయన్న ఒక్క మాట అన్లా" అన్నాడు నాయన. "తిట్టుంటే కాళ్ళు పట్టుకునేవాణ్ణి. అన్లేదు గదా, ఇంక ఆ గడప యెట్ల తొక్కేది?"

లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

నెల తర్వాత దొరసాని నుంచి ఉత్తరం వచ్చింది, గుండ్రటి తెలుగు అక్షరాల్లో. టిక్కెట్టు డబ్బు బ్యాంకుకు పంపించానని, నాయనగారు నిశ్చింతగా ఉండవలెనని మొదటే రాసింది. "నేను చేరునప్పటికి మా అక్కకు మాట ఉన్నది. నన్ను గుర్తుపట్టినది. పదకొండు రోజులు ఆమె మంచము పక్కన కూర్చుంటిని" అని రాసింది.

నాయన దాన్ని రెండుసార్లు చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు.

"ఐరాలకు పొద్దున బస్సు ఎన్నిటికిరా?" అన్నాడు.

రైలైతే నన్ను అడిగేవాడు కాదు. ఆరుంబావుకు చిత్తూరు బస్సుందని, అక్కడ దిగి మారాలని చెప్పాను.

"నువ్వూ రా" అన్నాడు. "నేను వాకిట్లో నిలబడిపోతే, లోపలికి తోసేదానికి ఎవరన్నా ఉండాల."