చాయ్‌లో ముంచిన బిస్కెట్టు

నలభై ఏళ్లలో నా మొగుణ్ణి తిట్టినన్ని తిట్లు ఆ ఆసుపత్రిని ఒక్క పూటలో తిట్టాను.

నాలుగేళ్ల మనవరాలు అమీర్‌పేటలో మా ఇంటి మెట్ల మీద జారి ఇనుప గేటుకు మూతి కొట్టుకుంది. పై పెదవి అంచు చీలింది. నా కూతురు సోమాజిగూడలో ఆఫీసుకు పోయింది, ఫోన్ ఎత్తలేదు. పిల్లను చంకనేసుకుని ఆటో ఎక్కి పంజాగుట్టలో ఒక ఆసుపత్రికి పరుగెత్తాను. బయట ఎర్ర అక్షరాలతో ఎమర్జెన్సీ అని రాసి ఉంది. ఎమర్జెన్సీ అట! లోపల ఉన్నవి ఇనుప కుర్చీలు.

నర్సు గాయం చూసి దూది పెట్టింది. "పిల్ల కదలకుండా మత్తిచ్చి కుట్లెయ్యాలమ్మా. సర్జన్ వచ్చేదాకా ఏమీ పెట్టకండి, తాగించకండి. కడుపులో ఏమన్నా ఉంటే మత్తులో వాంతై ఊపిరికి అడ్డం పడుతుంది" అంది. స్పష్టంగానే చెప్పింది. అప్పుడు టైం పది.

"ఎంతసేపైతది?" అన్నాను.

"సీరియస్ కేసులున్నాయి. కూర్చోండి."

కూర్చున్నాం. పన్నెండైంది. మా తర్వాత వచ్చినవాళ్లు స్ట్రెచర్ మీద లోపలికి పోతున్నారు. వాళ్లకు ప్రాణం మీదికి వచ్చిందని నాకూ కనబడుతూనే ఉంది, అయినా వాళ్ల మీద కూడా కోపమే. ఇక్కడ పిల్ల పెదవి వాచిపోతోంది. ఆ వాపుకు అంచు సరిగ్గా కలవకపోతే నవ్వినప్పుడల్లా మూతి వంకరగా కనబడుతుందని నాకు ఒకటే దడ.

"ఏందమ్మా, గింత పసిపిల్లను గిట్ల కూసోబెడ్తరా? మీకు పిల్లల్లేరా?" అని నర్సు మీదికి పోయాను. ఆమె ఇంకో మంచం దగ్గరికి పోయింది. ఎంత పొగరు!

"అమ్మమ్మా, ఆకలైతుంది" అని పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. గేటు బయటే చాయ్ బండి. మా ఇళ్లలో చాయ్ బిస్కెట్టును తిండి కింద ఎవరు లెక్కేస్తారు? అన్నం తింటేనే తిన్నట్టు. పైగా ఆ నర్సు మాట నేను వినేదేందన్న పంతం. బిస్కెట్టును చాయ్‌లో మెత్తగా ముంచి, దెబ్బకు తగలకుండా పక్కనుంచి నోట్లో పెట్టాను. రెండు తింది.

ఒంటిగంటకు సర్జన్ వచ్చాడు. "పాప ఏమైనా తిన్నదా?"

"లేదు సార్" అన్నాను, గట్టిగా.

"తిన్న కదా అమ్మమ్మా, చాయ్ బిస్కెట్!" అంది పిల్ల, వాచిన మూతితోనే.

ఆయన నన్ను ఒక్కసారి చూశాడు. "ఇంక ఆరు గంటలు ఆగాలి. మీ మాట నమ్మి మత్తిచ్చి ఉంటే ఏమయ్యేదో తెలుసా?"

తెలుసు. పొద్దున్నే చెప్పారు. పిల్లను ఒళ్లోకి లాక్కుని మళ్లీ ఆ ఇనుప కుర్చీలోనే కూర్చున్నాను.

నాలుగింటికి నా కూతురు ఉరుక్కుంటూ వచ్చింది. నా ఒళ్లో ఏడ్చి ఏడ్చి నిద్రపోయిన పిల్లను చూసి నర్సు మీద విరుచుకుపడింది. "పొద్దటిసంది గిట్లనే కూసోబెట్టిండ్రా? మీరు మనుషులేనా?"

నర్సు నా వైపు చూసింది. నేను పిల్ల జుట్టు సర్దుతూ తల వంచుకున్నాను. ఆమె కూడా ఏమీ చెప్పలేదు.

ఏడు దాటాక కుట్లు పడ్డాయి. ఇప్పుడు పిల్ల నవ్వితే పై పెదవి ఒక పక్కకు లాగుతుంది. అది కనబడ్డప్పుడల్లా నా కూతురు ఆ ఆసుపత్రిని తిడుతుంది. నేనూ తిడతాను, దానికంటే గట్టిగా.