ఒకే ముఖం, రెండిళ్లు

కవలలు పుట్టినప్పుడు ఎవరు పెద్దో ఎవరు చిన్నో పోల్చుకోలేక నర్సు ఒకదాని కాలికి దారం కట్టింది. తల్లి జ్వరంతో మంచం పట్టడంతో చిన్నదాన్ని పిన్ని తీసుకెళ్లి తనే పెంచుకుంది. పెద్దది అమ్మ కుట్టుమిషను పక్కన, చిన్నది పొరుగూళ్లో పిన్ని నడిపే లాండ్రీలో పెరిగారు.

పదిహేనో ఏట చిన్నది సెలవులకు వచ్చింది. అదే ముక్కు, అవే ఎత్తుపళ్లు. పెద్దది నవ్వితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. చిన్నది ఆ పళ్లన్నీ కనబడేలా నవ్వేది. రెండు రోజుల్లో వీధి వీధంతా దాని చుట్టూ చేరింది. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చిన టీచరమ్మ, "ఈ పిల్ల ఎంత కలివిడిగా ఉంది! పెద్దదే ముభావం," అంది. కాజాలు కుడుతున్న పెద్దది ఆ మాట వింది. అదే ముఖాన్ని పదిహేనేళ్లుగా తను మోస్తుంటే ఒక్కరూ చూడలేదు.

ఆ అక్కసులో చిన్నదాని నీలం చొక్కాను కత్తెరతో వెనకవైపు చీల్చి, మడతపెట్టి పెట్టెలో పెట్టేసింది.

మర్నాడు పొద్దెక్కినా చిన్నది మంచం దిగలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. చొక్కా సంగతి తెలిసిపోయిందేమోనని పెద్దది బిక్కుబిక్కుమంటూ వెళ్లింది.

"ఏమైందే?"

"ఏం లేదక్కా. అప్పుడప్పుడూ ఇంతే. ఊరికే దిగులు. ఎందుకూ పనికిరాననిపిస్తుంది."

నెలకు రెండు మూడుసార్లు పెద్దదీ అచ్చం ఇలాగే పడుకుంటుంది.

"మరి అక్కడ ఏం చేస్తావు?"

"పిన్నికి చెప్తాను. సరే, వచ్చి నా పక్కన కూర్చో అంటుంది. కూర్చుంటాను. ఎప్పటికో తగ్గుతుంది."

తనకైతే అమ్మ, "ముఖం అలా ముడుచుకున్నావేం? లేచి పని చూడు," అనేది. అసూయ తగ్గలేదు సరికదా, రెట్టింపయింది. ఇప్పుడది చెల్లి నవ్వు మీద కాదు, పిన్ని పక్కనున్న ఆ చోటు మీద.

చొక్కా చీల్చింది తనేనని ఒప్పేసుకుంది. చిన్నది లేచి పెట్టెలోంచి ఆ చొక్కా తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. చివరికి, "కుట్టివ్వు," అంది.

మిషను దగ్గర ఆ చీలిక చూసి అమ్మ నిలదీసింది. పెద్దది చొక్కా సంగతీ, తన దిగులూ దాచకుండా అంతా చెప్పింది. అమ్మ తిట్టడానికి నోరు తెరిచి ఆగిపోయింది.

"నీ వయసులో నాకూ ఇలాగే ఉండేది," అంది. "మా అమ్మ తిట్టేది. తిడితే పోతుందనుకున్నాను. నా పక్కన కూర్చున్నది మీ పిన్నొక్కతే."

సెలవులయ్యాక చిన్నది వెళ్లిపోయింది. "ఇవాళ బాగాలేదమ్మా," అనడం పెద్దది మెల్లగా నేర్చుకుంది. అమ్మ ఒక్కోసారి విసుక్కునేది, ఒక్కోసారి మిషను ఆపేది. పిన్ని ఇంటి నుంచి ఫోనొచ్చిందంటే మాత్రం పెద్దదానికి ఇప్పటికీ లోపల కాస్త చురుక్కుమంటుంది.